కంపెనీ సెట్టు

"కంపెనీ సెట్టు తీసి పారేస్తే పాపం తగుల్తది,"
అన్నాడు దస్తగిరి, ఆటోనగర్‌లో, రేకుల కింద, మే నెల మిట్టమధ్యాహ్నం.
"ఇరవై ఏళ్లయినా గొంతులో జీర రాలేదు చూడండి.
నోరు బంగారం. చెవి లేదంతే.
నాలుగొందలివ్వండి, చెవి కుడతా."

కారు ఇంకా నాదిలా ఉండదు నాకు.
గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు శేషగిరి గారి దగ్గర కొన్నది.
సీట్లు రెండుసార్లు కడిగించాను.
అయినా ఏసీ వేయగానే తుమ్మొస్తుంది,
మొదటిది తేజ, రెండోది బ్యాడిగి.

డాష్‌బోర్డు క్లిప్పులు పళ్లూడినట్టు ఊడొచ్చాయి.
వెనకాల బూజు, ఒక రూపాయి బిళ్ల,
ఎండి తేలికైన మిరప గింజలు నాలుగు.
కుర్రాడు ఏసోబు గింజ నలిపి చూసి
అదే చేత్తో కన్ను తుడుచుకున్నాడు.
పని పది నిమిషాలు ఆగింది.

లోపల ఒక క్యాసెట్ ఇరుక్కుని ఉంది.
బ్యాటరీ తగిలిస్తే పాట రాలేదు, మనిషొచ్చాడు.
"తేజ ముప్పైరెండు బస్తాలు... తాలు వేరే...
నరసరావుపేట ఆయన పాత బాకీ..."
మధ్యలో దగ్గు. ఎవరికో "వస్తున్నా" అని కేక.
రాత్రి ఇంట్లో రికార్డరుకి చెప్పుకుని
పొద్దున్నే దార్లో వినేవాడు కాబోలు,
కాగితం మీద నమ్మకం లేకో, కళ్లజోడు దొరక్కో.

"తీసేద్దామా?" అన్నాను.
"లాగితే చక్రాలతో సహా వస్తది.
పైగా అది తిరగాలండీ.
లోపల టేపు తిరుగుతుందనుకుంటేనే ఈ సెట్టు నోరు తెరుస్తది.
తిరగనిద్దాం.
మాట మాత్రం మధ్యలో తెంపుదాం."

వెంట్రుకంత తీగలు రెండు. కట్.
శేషగిరి గారు బస్తాల మధ్యలో ఆగిపోయారు.
ఎరుపు కుడికి, తెలుపు ఎడమకి, నలుపు ఎర్తుకి.
సోల్డరింగ్ పొగ, గుగ్గిలం వాసన.
దస్తగిరి ఊపిరి బిగబట్టి అతికించాడు,
పాపాయి చెవి దగ్గర కంసాలిలా.

యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో దోమ.
తొక్కేకొద్దీ పెద్ద దోమ.
"ఒరే, పెయింటు మీద ఎర్తు పెట్టావేంట్రా? ఇనుం తగలాలి."
ఏసోబు ఎర్రకన్నుతోనే గరుకు కాయితం పట్టి రుద్దాడు,
రంగు పోయి, ప్రైమర్ పోయి,
వేలి గోరంత మేర తెల్లగా మెరిసేదాకా.
దోమ చచ్చింది.

పరీక్షకి దస్తగిరి తన ఫోన్ తగిలించి ఏదో నొక్కాడు.
నాలుగు తలుపుల్లోంచీ ఒక ఆడగొంతు:
"గ్యాస్ బుక్ చేశావా?
మూడ్రోజుల్నించి మొత్తుకుంటున్నా.
చేశానని మాత్రం చెప్పమాక!"
ఎదురు షెడ్డులో వెల్డరు మాస్కు పైకెత్తాడు.
లారీ కింద పడుకున్నవాడి కాళ్లు నవ్వాయి.
సౌండు తగ్గించబోయి దస్తగిరి బాసు పెంచాడు.
"క్లియర్‌గా ఉందండీ," అన్నాడు, మొహం తుడుచుకుంటూ.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు
వారధి మీంచి, ఇసుక తిన్నెల మధ్య సన్నబడ్డ కృష్ణ మీంచి,
నా ఫోను పాడుతుంటే గుంటూరు పోతుంటాను.
బాగానే పాడుతుంది. దస్తగిరి అన్నంత బంగారం.

ఒక్కటే.
కాజ టోల్‌గేటు దాటాక, కాస్త అటూ ఇటూగా,
పాట మధ్యలో టక్ మంటుంది.
అరక్షణం ఏమీ ఉండదు, టైర్ల చప్పుడు తప్ప.
టేపు అటువైపుకి తిరుగుతోందన్నమాట.
శేషగిరి గారు ఒత్తిగిల్లి
రెండో వైపు లెక్క మొదలెడుతున్నారన్నమాట.

నరసరావుపేట బాకీ వసూలైందో లేదో.
నంబరుంది, అడగొచ్చు.
ఏమని అడగను?
వినే దారి నాలుగొందలిచ్చి నేనే తెంపించాను.

పాట మళ్లీ అందుకుంటుంది,
ఒక మాట పోగొట్టుకుని.